నిశ్చితార్థం స్టేజీకి పసుపు రోజాలు పెట్టొచ్చా? చార్టులో అసూయ అని ఉందంట

ప్రొద్దుటూరు_చెల్లెలు

అందరికీ నమస్తే. మాది ప్రొద్దుటూరు. మా అన్నకు రాజంపేట సంబంధం ఖాయమైంది. ఇద్దరికీ మధ్యలో ఉంటుందని కడపలో హాలు మాట్లాడినాం. వచ్చే నెల వక్కాకులు మార్చుకునేది. బంగారం, చీరలు అమ్మ చూసుకుంటాంది, వంటలు నాయన చూసుకుంటాండాడు, స్టేజీ పని నా నెత్తిన పడింది.

కాబోయే వదినకు ఫోన్ చేసి నీకే పూలంటే ఇష్టమని అడిగినా. ఆలోచించను కూడా లేదు, "పసుపు రోజాలు" అనేసింది. వాళ్ల మిద్దె మీద కుండీల్లో అవే పెంచుతాదంట. సరేనని డెకరేషన్ అతనికి చెప్పేసినా. అడ్వాన్సు కూడా ఇచ్చేసినా.

రెండు రోజులకు బెంగళూరులో ఉండే మా పెద్దమ్మ కూతురు ఇంటి గ్రూపులో ఒక చార్టు పెట్టింది. ఎరుపు అంటే ప్రేమ, తెలుపు అంటే పవిత్రత, గులాబీ రంగు కృతజ్ఞత, నారింజ ఉత్సాహం, ఊదా తొలిచూపు ప్రేమ, నలుపు వీడ్కోలు. పసుపు కాడికి వచ్చేసరికి అసూయ, తరిగిపోయే ప్రేమ అని ఉంది. మా అన్న ఇంకో చార్టు వెతికి పెట్టినాడు, దాంట్లో పసుపు అంటే స్నేహం, సంతోషం అని ఉంది. ఏం లాభం, మా అమ్మ మొదటిదే చదివింది. "నిశ్చితార్థం రోజే తరిగిపోయే ప్రేమ ఏందే" అని పట్టుకుంది. నాయనేమో "పసుపు లేకుండా శుభకార్యం యాడన్నా జరుగుతుందా" అని ఒక్క మాటని పేపర్లోకి తల దూర్చేసినాడు. ఊరంతా బంగారం కొట్లు పెట్టుకున్న ప్రొద్దుటూరోళ్లకు పసుపు రంగంటే భయమేందో నాకైతే అర్థం కాలేదు.

వదినకు ఈ గొడవ తెలీదు. తెలిస్తే బాధపడుతుంది, ఇష్టమని చెప్పిన పువ్వునే మేం అపశకునం అన్నట్లవుతుంది. డెకరేషన్ అతను ఆదివారం లోపల చెప్పమంటాండాడు. ఆయన ఆల్బంలో నీలం రోజాలు కూడా ఉండాయి, "ఇవి పెట్టుకోండి మేడం, కొత్తగా ఉంటాది" అంటాడు.

ఈ రంగుల అర్థాలు ఎవరు పెట్టినారు? మనం పట్టించుకోవాల్నా? ఎర్రవి పెట్టేసి గొడవ వదిలించుకోమని మాత్రం చెప్పొద్దండి, ఆ సలహా ఇంట్లోనే వచ్చింది.

---

వేమన_వర్సిటీ_పిల్లోడు

అక్కా, మా హాస్టల్లో పసుపు రోజాకు అసూయ కన్నా ఘోరమైన అర్థం ఉంది. ఫిబ్రవరి 7 రోజ్ డే కదా. పిల్లోడు ఎర్రది ఇస్తే, అమ్మాయి మరుసటి రోజు పసుపుది తెచ్చి చేతిలో పెడుతుంది. అంటే "మనం ఫ్రెండ్స్, ఇంకేం మాట్లాడొద్దు" అని. మా రూమ్మేట్‌కు అట్లనే వచ్చింది. వాడు దాన్ని నీళ్ల బాటిల్లో పెట్టి కిటికీ కాడ పెట్టుకున్నాడు, పువ్వు పువ్వే కదా అని.

మీ వదిన అన్నకు ఇచ్చే పువ్వు కాదు కదా ఇది, స్టేజీ వెనకాల పెట్టేది. పెట్టేయండి.

---

కడప_పూలంగడి

పాపా, మాది కడపలో పూలంగడి. మా అత్త కూచున్న పీట మీదే నేనూ కూచుంటాండా. స్టేజీలు ఇప్పుడు నా కొడుకు ఒప్పుకుంటాడు, దండలు, జడలు, చెండ్లు నావి. ఆ చార్టు నాకు కొత్త కాదు. ఫిబ్రవరి వచ్చిందంటే పిల్లోళ్లు ఫోన్లో చూపిస్తా వస్తారు, "ఆంటీ, ఊదా రంగుది ఉందా" అని. ఉండేది ఎరుపు. ఆ వారం ఎర్రది పలికే రేటుకు ఊదా ఎవరు తెప్పిస్తారు?

నేను చూసిందేమంటే, మన పక్క జనం పువ్వు రంగు చూసి అర్థం తీసుకోరు. దాన్ని ఎట్ల కట్టినారో చూస్తారు. ఎర్ర రోజా ఒక్కటి కాడతో, ఆకుతో పేపర్లో చుట్టించుకుని చొక్కా లోపల దాచుకుని పోతే అది ప్రేమ. అదే పువ్వు కాడ తుంచి దండకు గుచ్చితే దేవునికి, పెండ్లికొడుక్కి, మంత్రికి. ఐదారు పూలు మల్లెల మధ్యలో పెట్టి జడకు కుడితే పెండ్లికూతురిది. రేకులు విప్పి గంపలో పోస్తే పెండ్లికూతురు నడిచొచ్చే దారిలో చల్లుతారు, ఆఖరి ప్రయాణం ముందర కూడా అవే చల్లుతారు. శుభకార్యం గురించి అడిగితే చావు మాట ఎత్తింది అనుకోవద్దు, పూలంగట్లో రెండిటికీ త్రాసు ఒకటే. ఒకే పొద్దు ఒకే గంపలో నుంచి రెండిండ్లకూ పోతాది. ఎరుపు అంటే ప్రేమ అయితే ఆ రెండో ఇంటికి నేనేం అమ్మినట్లు?

తెలుపు సంగతి కూడా అంతే. చర్చి పెండ్లికి పెండ్లికూతురు చేతిలో పట్టుకునే బొకే తెల్ల రోజాలతో కట్టమంటారు. సమాధుల పండగకూ తెల్లవే అడుగుతారు. ఆ ఇంటోళ్లే వచ్చి రెండూ తీసుకుపోతారు, ఎవరికీ అనుమానం రాదు. మనోళ్లు కొందరు తెల్లది శుభానికి వద్దంటారు గానీ, అదే మనిషి తలలో మూర మల్లెపూలు ఉంటాయి. మల్లె ఏ రంగు మరి?

ఇంక పసుపు. చామంతి పసుపే, బంతి పసుపే. ఉగాదికి గుమ్మానికి కట్టేది, వినాయకునికి వేసేది, కొత్త బండికి కట్టేది అదే. దానికి ఎప్పుడూ రాని అసూయ రోజాకు యాడి నుంచి వచ్చింది? చదువుకున్నోళ్లు ఎవరన్నా చెప్పాల. నిజం చెప్పాలంటే మా కడపలో పసుపు రంగు స్టేజీ చూస్తే జనానికి గుర్తొచ్చేది అసూయ కాదు, పార్టీ. ఎలక్షన్ల కాలంలో పసుపు పూలు గంపలకు గంపలు అడిగినోడు ఏ పార్టీనో నేను మొహం చూడకుండా చెప్తా. మీ మేనమామలు, చిన్నాయనలు రెండు పార్టీల్లో ఉంటే ముందే చెప్పి పెట్టు, "వదినకు ఇష్టమని పెట్టినాం" అని. మీ డెకరేషన్ అతను చెప్పినట్లు పసుపు మధ్యలో నీలం కూడా పెట్టినావనుకో, పొత్తు కుదిరిందని పేపర్లో వేస్తారు.

మా అంగడికొచ్చే అవ్వలు రంగు అడగనే అడగరు. పువ్వు తీసుకుని ముక్కు కాడ పెట్టుకుంటారు. వాసన లేకుంటే గంపలో వేసేసి, "ఇదేం రోజా, ప్లాస్టిక్కు" అని నాటు గులాబీ ఏరుకుంటారు. లేత గులాబీ రంగుది, రేకులు పలచన, గంటల్లో వాడిపోతాది, అయినా దానికే మొగ్గు. మీరు స్టేజీకి పెట్టేవి డచ్ రోజాలు, బెంగళూరు, హోసూరు పక్క నుంచి వస్తాయి. వాటికి వాసన ఉండదు. పది మందిలో ఒక్కరైనా దగ్గరికొచ్చి వాసన చూసేది వక్కాకు పళ్లేల కాడ. ఆడ మటుకు నాటు గులాబీలు పెట్టు, పెద్దోళ్ల నోర్లు మూతపడతాయి.

అసలు చూసుకోవాల్సింది ఇంకోటుంది. వదిన ఆ రోజు కట్టుకునే చీర ఏ రంగు? పసుపు పట్టుచీర అయితే పసుపు రోజాల ముందర మనిషి కనపడదు, ఫోటోల్లో తలకాయ, నగలు మటుకే వస్తాయి. అది కనుక్కో ముందు.

ఎండలు కూడా చూసుకోవాల. ఎర్రది వాడినా కొంచెం నల్లబడి ఊరుకుంటాది. తెల్లదానికి వేలు తగిలినా సందకాడికి గోధుమరంగు మచ్చ తేలుతాది. పసుపుది బిగువుగా ఉన్నప్పుడే దించుకోవాల, విచ్చుకున్నాక రంగు పాలిపోతాది. ముందు రోజు మధ్యాహ్నమే గుచ్చేస్తాం అనే డెకరేషనోళ్లు ఉంటారు, ఒప్పుకోవద్దు.

---

కర్నూలు_రిటైర్డ్_లెక్చరర్

పూలంగడి అమ్మగారు అడిగిన దానికి నాకు తెలిసింది చెప్తాను. ముప్పై కుండీల గులాబీలతో పదవీ విరమణ గడుపుతున్నవాణ్ణి, కాబట్టి కాస్త ఎక్కువ మాట్లాడితే క్షమించాలి.

ఈ చార్టుల పుట్టిల్లు యూరప్. 1717, 1718 ప్రాంతంలో కాన్‌స్టాంటినోపుల్‌లో (ఇప్పటి ఇస్తాంబుల్) ఉన్న ఇంగ్లీషు రాయబారి భార్య లేడీ మేరీ వర్ట్‌లీ మాంటగు తన ఉత్తరాల్లో అక్కడి ఒక సరదా గురించి రాసింది. ఒక మూటలో పువ్వు, పండు, దారప్పోగు లాంటివి పెట్టి పంపుతారు, ఒక్కో వస్తువు ఒక్కో మాటకు గుర్తు. నిజానికి అక్కడ ఆ వస్తువు పేరుకు ప్రాస కలిసే చరణమే దాని అర్థం. రంగుతో పెద్ద పని లేదు. యూరప్ వాళ్లకు ఆ ప్రాస అందలేదు, పువ్వుకొక రహస్య భాష ఉందన్న ఊహ మాత్రం అందింది. 1819లో పారిస్‌లో షార్లెట్ ద లాతూర్ అనే మారుపేరుతో ఒకావిడ పువ్వుల భాష మీద పుస్తకం వేసింది. దాని వెంట ఇంగ్లండులో, అమెరికాలో అటువంటివి కుప్పలు తెప్పలుగా వచ్చాయి. విక్టోరియా రాణి కాలంలో అది పెద్ద ఫ్యాషన్. పసుపు గులాబీకి అసూయ, తగ్గిపోయే ప్రేమ, నమ్మకద్రోహం అన్నవన్నీ ఆ పుస్తకాలు అంటించినవే. ఒక పుస్తకానికీ ఇంకో పుస్తకానికీ పొంతన ఉండేది కాదు. కాబట్టి అమ్మాయీ, మీ ఇంట్లో రెండు చార్టులు కొట్లాడుకోవడం కొత్త సంగతేం కాదు, అవి రెండు వందల ఏళ్లుగా కొట్లాడుకుంటూనే ఉన్నాయి.

ఇందులో నాకు బాగా నచ్చే విషయం ఒకటుంది. ఆ అర్థాలు రాసిన నాటికి మీరు స్టేజీకి పెట్టబోయే పువ్వు పుట్టనే లేదు! పాతకాలపు యూరప్ తోటల్లో ఉన్నవి ఎరుపు, గులాబీ, తెలుపు. ముదురు పసుపు పర్షియా వైపు నుంచి వచ్చిన ఒక జాతిలో ఉండేది. దాని వాసన ఏమంత బాగుండదు, తోటల్లోని మిగతా రకాలతో తేలిగ్గా కలిసేది కూడా కాదు. ఫ్రాన్స్‌లోని లియోన్‌లో జోసెఫ్ పెర్నే దుషే అనే ఆయన ఏళ్ల తరబడి సంకరాలు చేసి 1900లో సొలెయ్ దోర్ అనే రకాన్ని విడుదల చేశాడు. ఈనాటి పసుపు, నారింజ గులాబీల వంశం చాలావరకు అక్కడి నుంచే. ఆకుల మీద నల్లమచ్చ తెగులు కూడా ఆ వంశంతోనే వచ్చిందంటారు, నా కుండీలు అందుకు సాక్ష్యం. పసుపు కుండీలకు నేను చేసినంత సేవ మా మనవడికి కూడా చేయలేదు.

కాబట్టి పసుపు అంటే స్నేహం, సంతోషం అనే రెండో చార్టు తర్వాతి కాలానిది. మంచి వాసన, మంచి రూపం ఉన్న పసుపు పువ్వు చేతికొచ్చాక దాన్ని అసూయ పేరుతో అమ్మడం ఏ పూలకొట్టువాడికీ కుదరదు కదా. ఇది నా అనుమానమే, రుజువు అడగొద్దు.

మిగతా రంగులకూ మనుషులు అవసరాన్ని బట్టి అర్థం అంటిస్తూ వచ్చారు. గ్రీకులు ఎర్ర గులాబీని ప్రేమదేవత అఫ్రొడైటీ కథకు ముడేశారు. ఇంగ్లండులో 1455 నుంచి 1485 దాకా సింహాసనం కోసం కొట్టుకున్న రెండు వంశాల్లో యార్క్ వాళ్లకు తెల్ల గులాబీ, లాంకాస్టర్ వాళ్లకు ఎర్ర గులాబీ అని చెప్పుకుంటాం. గెలిచిన లాంకాస్టర్ పక్షపు ఏడో హెన్రీ యార్క్ అమ్మాయిని పెళ్లాడి, ఎరుపులో తెలుపు పెట్టి కొత్త గుర్తు చేసుకున్నాడు. అంటే అక్కడా చివరికి పెళ్లితోనే రంగుల పంచాయితీ తెగింది. 1942, 43లో మ్యూనిక్ విద్యార్థులు హిట్లర్‌కు ఎదురుగా రహస్యంగా కరపత్రాలు పంచిన బృందం పేరు వైట్ రోజ్. ప్రాణాలే పోగొట్టుకున్నారు. పవిత్రత అన్న ఒక్క మాటలో ఆ తెలుపు ఇమడదు. మన దగ్గర ఎర్ర గులాబీ అనగానే ప్రేమకంటే ముందు నెహ్రూ గుండీ గుర్తొచ్చే తరం మాది.

మీ అమ్మగారికి చెప్పడానికి పనికొచ్చేది ఒకటి చెప్తాను. ఫ్రాన్స్‌లో మెయ్యాన్ కుటుంబం రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఒక గులాబీని తయారు చేసింది. లేత పసుపు పువ్వు, రేకుల అంచున గులాబీ ఛాయ. జర్మన్లు ఫ్రాన్స్ మీద దండెత్తుతారన్న భయంతో దాని కొమ్మలు దేశం దాటించారు. 1945 ఏప్రిల్ 29న అమెరికాలో దానికి పేరు పెట్టారు, పీస్ అని, అంటే శాంతి. బెర్లిన్ పడిపోతున్న రోజులవి. ఆ ఏడాదే శాన్ ఫ్రాన్సిస్కోలో ఐక్యరాజ్య సమితి కోసం చేరిన ప్రతినిధులకు ఒక్కొక్క పువ్వు ఇచ్చారు. ప్రపంచంలో బాగా పేరు పడ్డ గులాబీల్లో అదొకటి. నా మిద్దె మీదా ఒక మొక్క ఉంది, కర్నూలు ఎండకు మే నెలలో చిన్నబోతుంది గానీ డిసెంబరులో చూడాలి దాన్ని.

రెండు కుటుంబాలు కలిసే రోజు పసుపు గులాబీకి ఇంతకంటే మంచి సాక్ష్యం ఏం కావాలి.

---

పెద్దదర్గా_వీధి

మేడం, మా ఇండ్లలో పెండ్లికొడుక్కి సెహ్రా కడతారు, మొహం మీదికి వేలాడే పూలతెర. మల్లెపూల మధ్యలో రోజాలు. మా తమ్ముడికి కట్టించినప్పుడు ఎవ్వరూ రంగుకు అర్థం అడగలే. మా నానీ ఒక్కటే అడిగింది, "ఖుష్బూ ఉందా లేదా". పూలంగడి అక్క చెప్పింది కరెక్టే. ఉర్సుకు దర్గాలో వేసే పూల చాదర్ అయినా అంతే, వాసనే ముందు తెలుస్తాది, రంగు తర్వాత.

రాజంపేటోళ్లు భోజనాలకొస్తాండారు కదా, పసుపు గురించి కాదు, మటన్ గురించి భయపడండి.

---

ప్రొద్దుటూరు_చెల్లెలు

అందరికీ థ్యాంక్స్. లెక్చరర్ సార్, మీరు రాసింది అమ్మకు చదివి వినిపించినా. యార్క్, లాంకాస్టర్ కాడ నిద్రపోయింది, 1945 కాడికి వచ్చేసరికి లేచింది. "అయితే పేరు పెట్టినోళ్లు తెల్లోళ్లే, అసూయ అన్నోళ్లూ తెల్లోళ్లేనా" అని అడిగింది. అవునన్నా. "వాళ్లకే తెగనప్పుడు మనకెందుకు" అని లేచిపోయింది. మా అమ్మ ఒప్పుకోవడమంటే ఇట్లనే ఉంటాది.

@వేమన_వర్సిటీ_పిల్లోడు: నీ రూమ్మేట్ కథ మా అన్నకు చెప్పినా. అప్పటి నుంచి వదిన పసుపు రోజాలే ఎందుకడిగిందా అని ఆలోచిస్తాండాడు. ఇప్పుడు ఆయనకు నచ్చజెప్పాల.

పూలంగడి పిన్నీ, చీర కనుక్కున్నా. ముదురు ఆకుపచ్చ, మెరూన్ అంచు. మేనమామలు కూడా రెండు పార్టీల్లో ఉండారు, మీకెట్ల తెలిసిందో. రెండు డౌట్లు మిగిలినాయి. ఒకటి, చార్టులో పసుపు రేకులకు ఎర్ర అంచు ఉండే రోజా అంటే స్నేహం ప్రేమగా మారడం అని ఉంది. అది దొరుకుతుందా? అన్నకు నచ్చజెప్పడానికి పనికొస్తాది. రెండోది ఆ నీలం రోజాలు. డెకరేషన్ అతను ఇంకా వదల్లేదు, అవి నిజంగా పూసేవేనా?

---

కర్నూలు_రిటైర్డ్_లెక్చరర్

నీలం సంగతి నేను చెప్తాను, మిగతాది అమ్మగారు చెప్తారు. గులాబీ మొక్కకు డెల్ఫినిడిన్ అనే వర్ణకాన్ని తయారు చేసే శక్తి లేదు. చాలా నీలిపూలకు ఆ రంగు వచ్చేది దాన్నుంచే. అందుకే ఎన్ని సంకరాలు చేసినా ఊదా దాకా వచ్చి ఆగిపోతారు. జపాన్‌కు చెందిన సంతోరీ సంస్థ ఆస్ట్రేలియాలోని ఫ్లోరిజీన్‌తో కలిసి వేరే పువ్వు జన్యువును గులాబీలోకి ఎక్కించి 2004లో ప్రకటించింది, 2009లో జపాన్‌లో అమ్మకానికి పెట్టింది. అదీ చూడ్డానికి లేత ఊదాయే. కాబట్టి మీ ఆల్బంలో ఉన్న ముదురు నీలం అద్దకమే. చార్టులో దానికి "అందనిది, అసాధ్యమైనది" అని అర్థం రాస్తారు, ఆ ఒక్కటీ మాత్రం సత్యం.

నల్లది కూడా లేదు. ముదురు మెరూన్ మొగ్గలను నీడలో ఫోటో తీసి నలుపంటారు.

---

కడప_పూలంగడి

సార్ చెప్పినట్లే. తెల్ల రోజా కాడను రంగునీళ్లల్లో పెడితే రేకుల ఈనెల్లోకి రంగు ఎక్కుతాది. తొందరున్నోళ్లు పువ్వునే రంగులో ముంచి ఆరబెడతారు. ముంచినవైతే ఎట్ల గుర్తుపట్టాలంటే, తడి వేలితో రేకు రుద్దు, వేలికంటుకుంటాది. పట్టుచీరలు కట్టుకుని జనం ఆనుకుని నిలబడే స్టేజీ అది, పైగా చెమటలు. నీలం మచ్చ పట్టుకు పడితే డ్రైక్లీనింగోడు కూడా దండం పెడతాడు. వద్దని చెప్పు. ఒప్పుకోకుంటే అతన్ని ఒక పువ్వు తెచ్చి తన తెల్ల చొక్కాకు రుద్దుకోమను.

పసుపుకు ఎర్ర అంచు ఉండేవి దొరుకుతాయి, ముందు చెప్పి పెడితే. మార్కెట్లో ఎప్పుడూ ఉండవు, కట్టలు కూడా తక్కువొస్తాయి. స్టేజీ మొత్తం వాటితో నింపొద్దు, దూరం నుంచి చూస్తే నారింజ రంగులాగుంటాది, అప్పుడు వదిన అడిగింది పెట్టినట్లు కాదు. వెనక తెరంతా పసుపు పెట్టించి, వాళ్లిద్దరూ కూచునే సోఫాకు రెండు పక్కలా ఎర్ర అంచువి పెట్టించు. ముదురాకుపచ్చ చీరకు పసుపు బాగా ఎత్తి కనపడతాది. ఆ సన్న తెల్ల జిప్సీ పూలు తక్కువ పెట్టమను, ఈ మధ్య ప్రతి స్టేజీ మీదా పొగమంచు పట్టినట్లు కూరుతాండారు. వదిన జడకు మటుకు పసుపు రోజా నేను కుట్టను. డచ్ రోజా బరువు, జడ లాగుతాది. చిన్న బటన్ రోజాలు పసుపువి తెప్పిస్తా, మల్లెపూల వరుసకొకటి.

---

ప్రొద్దుటూరు_చెల్లెలు

అంటే జడ మీకే ఒప్పుకున్నట్లేనా పిన్నీ? మెసేజ్ పెడతా. డెకరేషన్ అతన్ని మార్చలేం, అడ్వాన్సు ఇచ్చేసినాం. ఆయన్ని ఏం అడగాలో చెప్పండి. "అన్నీ ఫ్రెష్షే మేడం" అంటాడు, నాకు తేడా తెలీదు.

---

కడప_పూలంగడి

ఒప్పుకున్నట్లే. ముందు రోజు రాత్రి జడ కొలత పంపు, సవరం కలిపి.

అతన్ని అడగాల్సింది ఇది. పువ్వులు ఎప్పుడు దిగుతాయి, యాడ పెడతాడు. డచ్ రోజా కట్టకు ఇరవై పూలొస్తాయి, మొగ్గకు నెట్టు తొడిగి, అట్టలో చుట్టి ఉంటాది. బస్సు దిగిన కట్టను అట్లనే హాల్లో మూలకు పడేస్తే తెల్లారేసరికి మెడలు వంచేస్తాయి. కాడ కింద వేలెడంత ఏటవాలుగా కోసి, ఆకు నీళ్లల్లో మునగకుండా దూసేసి, బకెట్లో నీళ్లల్లో నిలబెట్టాల, కనీసం మూడు నాలుగు గంటలు. నెట్టు మటుకు ఆఖర్న తీయాల. ఫ్రెష్షా కాదా అని చూసేదానికి మొగ్గ అడుగున, కాడకు పైన, రెండు వేళ్లతో మెల్లగా నొక్కు. గట్టిగా ఉంటే మంచిది, మెత్తగా లోపలికి పోతే పాతది. పైన ఒకటి రెండు రేకులు మచ్చగా ఉంటే భయపడొద్దు, అవి తీసేసి పెడతారు.

స్పాంజి ఇటుకల్లో గుచ్చేటట్లయితే ఇటుకను నీళ్లమీద వదిలేసి దానంతట అదే మునిగేదాకా ఆగమను. చేత్తో తొక్కిపెట్టి ముంచితే పైన తడి, లోపల పొడి, పువ్వు పొద్దున పది గంటలకే వాడిపోతాది. మీ ముహూర్తం ఎన్నింటికో చెప్పలేదు, పదికయితే తెల్లారుజామున నాలుక్కు గుచ్చడం మొదలుపెట్టాల. ఇంకోటి, హాలోళ్లకు చెప్పు, పూలున్న తెర మీదికి ఏసీ నేరుగా కొట్టకుండా రెక్కలు పైకి తిప్పమని.